రెండు పర్దాలు

సినిమా హాల్లో చూడటం బాగుంటుందా, ఇంట్లో చూడటం బాగుంటుందా అనే మాట వచ్చినప్పుడల్లా తెర ఎంత పెద్దది, సౌండెట్లా ఉంది, టికెట్టెంత అని మాట్లాడుకుంటారు. చాలామందికి అది సౌకర్యం లెక్క. మాకు అట్లా ఎన్నడూ లేదు. మేం హాలుకి పోయిన చరిత్ర ఒకటుంది. హాలు విడిచి ఇంటికొచ్చిన చరిత్ర ఇంకొకటుంది. సినిమా చరిత్రలు రాసినోళ్లు నటుల గురించి రాశారు, నిర్మాతల గురించి రాశారు, ఏ హాల్లో ఎన్ని రోజులాడిందో లెక్కగట్టి రాశారు. చూసినోళ్ల గురించి రాసింది తక్కువ. ఆ చూసినోళ్లలో సాయిబులుంటారని, సాయిబుల ఇళ్లల్లో ఆడోళ్లుంటారని రాసింది మా కంటబడనే లేదు.

ఉర్దూలో తెరని పర్దా అంటాం. ఆడోళ్ల ముఖం ముందు వేలాడేదీ పర్దానే, బొమ్మ పడేదీ పర్దానే. తెలుగు 'తెర'కీ ఆ రెండర్థాలున్నాయి. మేం చెప్పబోయే సంగతంతా ఈ రెండు పర్దాల నడుమ జరిగిందే.

మొదట మా పాలకుల సంగతి చెప్పుకుందాం. 1920ల మొదట్లో కలకత్తా నుంచి ధీరేన్ గంగూలీ హైదరాబాద్ వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. నిజాం రాజ్యంలో మూకీ బొమ్మలు తీశాడు, హాళ్లు నడిపాడు. 1924లో తన హాల్లో 'రజియా బేగం' అనే బొమ్మ వేశాడు. ఢిల్లీ గద్దెనెక్కిన ముస్లిం రాణి ఓ హిందువుని ప్రేమించిన కథ అది. నిజాం సర్కారు అతన్ని రాజ్యం విడిచి పొమ్మంది. కంపెనీ మూతబడింది. మా ఆడదాన్ని తెర మీద ఎవరి పక్కన చూపాలనే కొట్లాట మా గడ్డ మీద అప్పుడే మొదలైంది. మొదలుపెట్టింది మా వాళ్లే. తప్పుల లెక్క మా దగ్గర్నించే ఎత్తుకుంటున్నాం. మీ వంతు తర్వాతొస్తుంది.

1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ హాల్లో 'ఆలం ఆరా' పడింది. దేశంలో మొదటి టాకీ. పేరే మాది, భాష హిందుస్తానీ. మరుసటేడు తెలుగులో 'భక్త ప్రహ్లాద' వచ్చింది. మా ఇళ్లల్లో ముసలోళ్లకి హిందీ సినిమా, ఉర్దూ సినిమా అనే తేడా ఉండేది కాదు. 1960లో 'మొఘల్ ఎ ఆజం', 1963లో 'మేరే మెహబూబ్' చూసినప్పుడు సర్టిఫికెట్టు మీద ఏమున్నదో మేం చదవలేదు. మాటలు మా ఇంటి మాటలు. సలాం చేసే తీరు, పాన్‌దాన్ తెరిచే తీరు, పెద్దల ముందు కొంగు సర్దుకునే తీరు మావి. నవాబుల హవేలీలు మావి కావు గానీ దాని గురించి అప్పుడు ఎవరం ఆలోచించలేదు. దూదేకులాయన, కసాబు, లద్దాఫు, రిక్షా తొక్కే ఖాలూ అందరూ ఆ హవేలీ తమదే అనుకుని చూశారు. ముస్లింలంటే నవాబులే అని మీరు అనుకోవటానికి ఆ సినిమాలెంత కారణమో, మేమూ అట్లా అనుకుని బోర్లా పడటానికీ అవే అంత కారణం. ఈ మాట మా వాళ్లకి నచ్చకపోవచ్చు.

నానీ చెప్పేది. ఆమె పెళ్లైన కొత్తలో, హైదరాబాద్‌లో సినిమాకి పోవాలంటే రిక్షా చుట్టూ గుడ్డ కట్టేవాళ్లట. హాలుకి జనానా దర్వాజా వేరే. లోపల జనానాకీ మర్దానాకీ నడుమ మందపాటి పర్దా. దీపాలున్నంతసేపూ అది వేసే ఉండేది. దీపాలారి బొమ్మ మొదలయ్యాక దాన్ని పక్కకి లాగేవాళ్లు. ఇంటర్వెల్‌కి ముందు మళ్లీ వేసేవాళ్లు. ఒక్కోసారి దీపాలు ముందే వెలిగేవట. అప్పుడు జనానాలో కేకలు, మర్దానాలో ఈలలు. ఆ సంగతి చెప్పి నానీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆమెకి ఇల్లు దాటటానికి మూడే కారణాలుండేవి: పుట్టిల్లు, దర్గా, సినిమా. పుట్టింటికి పోతే ఎప్పుడొస్తావని ఖత్ వచ్చేది. దర్గాకి పోతే దేనికోసం మొక్కావని అడిగేవాళ్లు. సినిమాకి పోయొస్తే ఎవరూ ఏమీ అడగరు.

కస్బాల్లో ఇంత ఏర్పాటు లేదు. టూరింగ్ టాకీసు గుడారంలో ఆడోళ్లు ఓ పక్క, మగోళ్లు ఓ పక్క, నడుమ తడిక. తర్వాత మా ఊళ్లో రేకుల హాలు లేచింది. నేల, బెంచీ, కుర్చీ, ఆ తర్వాతెప్పుడో బాల్కనీ. గేటు దగ్గర చిట్టీ చింపేది మా వాడు. పైన మిషన్ నడిపేది మా వాడు. సైకిల్ స్టాండు మా వాడిది. ఇంటర్వెల్లో సమోసాలు మా చాచావి. హాలు మాత్రం మాది కాదు, ఓ దొరది. కార్బన్ కడ్డీ సరిగా కాలక బొమ్మ మసకబారితే నేల క్లాసంతా ఆపరేటర్ని తిట్టేది. ఆ తిట్లల్లో తల్లీ అక్కా ఉండేవి గానీ మతం ఉండేది కాదు. దాన్ని ఇప్పుడు తలుచుకుంటున్నామంటే చూడండి, ఎంతదాకా వచ్చామో.

రంజాన్ నెలంతా హాలు వైపు కన్నెత్తేవాళ్లం కాదు. ఈద్ నాడు నమాజ్ అయ్యి, అలాయ్ బలాయ్ తీసుకుని, షీర్ ఖుర్మా తాగి, ఈదీ పైసలు జేబులో పడగానే మ్యాట్నీకి ఉరికేవాళ్లం. అత్తరు వాసన, కొత్త బట్టల గంజి వాసన, బీడీ పొగ కలిసి ఆ రోజు హాలుకి ఒక వాసనుండేది. మౌల్వీసాబ్ జుమా బయానులో సినిమా హరామ్ అని చెప్పేవారు. బయాను విన్నోళ్లే నమాజ్ కాగానే లైన్లో కనబడేవాళ్లు. జుమా శుక్రవారమే, కొత్త బొమ్మ వచ్చేదీ శుక్రవారమే. మేమేం చేస్తాం?

1975లో 'దీవార్' వచ్చింది. గోదీలో కూలి చేసే హీరో చేతికి 786 బిళ్ల. దాన్ని బిస్మిల్లా అన్నట్టుగా మేం ఖత్‌ల మీద, దుకాణం గల్లా మీద రాసుకుంటాం. హీరో ముస్లిం కాదు. ఆ బిళ్ల విలువేంటో అతనికి చెప్పింది రహీం చాచా. తుపాకి గుండు ఆ బిళ్లకి తగిలి ఆగినప్పుడు నేల నుంచి బాల్కనీ దాకా లేచింది. 1983లో 'కూలీ'లో అదే నంబరు బిళ్ల కట్టి అమితాబ్ ఇక్బాల్ అయ్యాడు. ఆ రోజుల్లో పక్క సీటువాడు ఈలేస్తే వాడెవడో చూడాలని మాకు తోచలేదు. ఈల మాకోసం వేశాడనీ అనుకోలేదు. బొమ్మకి వేశాడు. హాల్లో మేం కోరుకున్నదీ అంతే. మమ్మల్ని ప్రేమించమని ఎవర్నీ అడగలేదు. చీకట్లో మాకు పేరు లేకుండా ఉంటే చాలు.

తెలుగు సినిమా లెక్క వేరు. ఎన్టీఆర్ 'గులేబకావళి కథ'లో, 'ఆలీబాబా 40 దొంగలు'లో మా కథలు మోశాడు. 1955 'అనార్కలి'లో నాగేశ్వరరావు సలీం. రఫీసాబ్ ఎన్టీఆర్‌కి తెలుగులో పాడితే మా అబ్బా ఆ తెలుగుకి మురిసిపోయాడు, తన తెలుగూ అట్లాగే ఉంటుంది గనుక. 1980లో 'అమర్ అక్బర్ ఆంథోనీ' తెలుగులో 'రామ్ రాబర్ట్ రహీం' అయింది. ఇవి పండగ రోజులు. మామూలు రోజుల్లో తెలుగు తెర మీద మేం మాంసం కొట్టు సాయిబు, జట్కా సాయిబు, తాయెత్తు సాయిబు. 'నీకి', 'నాకి' అని మాట్లాడి నవ్వించటం మా పని. హాలంతా నవ్వేది. మేమూ నవ్వేవాళ్లం. మరునాడు బడిలో పిల్లలు మాతో అదే భాషలో మాట్లాడేవాళ్లు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో పుస్తకాల తెలుగు నేర్చుకుని మూడింటితో కుస్తీ పడేవాడి నాలుకని ఎక్కిరించటం తేలిక. మా తెలుగుని ఎక్కిరించిన రచయితల్లో ఎంతమందికి ఉర్దూలో రెండు ముక్కలు తిన్నగా వచ్చో మాకు తెలుసు.

ఇక హాలు నుంచి ఇంటికొచ్చిన సంగతి. ఇది వీసీఆర్‌తో మొదలైందంటారు. మా లెక్కలో అంతకన్నా ముందే మొదలైంది.

1978 మార్చి నెలాఖరు. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికే ఓ మనిషి భార్యతో కలిసి సెకండ్ షో చూసి వస్తున్నాడు. ఇద్దరూ ముస్లింలు, ఇద్దరూ పేదోళ్లు. ఆమెని నల్లకుంట పోలీసులు స్టేషన్‌కి పట్టుకుపోయారు. అక్కడ ఆమె మీద అత్యాచారం చేశారు. అడగబోయిన భర్తని కొట్టారు. అతను చనిపోయాడు. ఊరు భగ్గుమంది. జనం రోడ్లమీదికొచ్చారు, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులదే నేరమని తేల్చింది. ఆ కమిషన్ ముందే ఆమె వ్యభిచారి అని నిరూపించటానికి పోలీసుల తరఫు వాళ్లు చేయని ప్రయత్నం లేదు. అర్ధరాత్రి సినిమా చూసి రోడ్డు మీద నడిచే ఆడది ఇంకెట్లాంటిదవుతుందన్నది వాళ్ల వాదన సారం. కేసు రాయచూర్ కోర్టుకి పోయింది. 1981లో పోలీసుల్ని నిర్దోషులన్నారు. ఆమె పేరు ఈ రాష్ట్రంలో అందరికీ తెలుసు. సభల్లో అరిచారు, గోడల మీద రాశారు. మేం ఇక్కడ రాయం. ఆ రాత్రి ఆమె చేసిన పని మొగుడితో కలిసి సినిమాకి పోవటం. అది మీరూ చేస్తారు.

ఆ తర్వాత మా ఇళ్లల్లో సెకండ్ షో మాట బందయింది. మా ఊరికీ నల్లకుంటకీ వంద మైళ్లు దూరం. అయినా బందయింది. అబ్బా కోపంగా ఏమీ అనలేదు. అమ్మీ అడగటం మానేసింది, ఆయన చెప్పటం మానేశాడు. ఫస్ట్ షోకి కొన్నాళ్లు పోయారు. పాత బస్తీలో అల్లర్లు, కర్ఫ్యూలు ఏటేటా వచ్చే పండగలయ్యాక అదీ పోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే గల్ఫ్ పైసలు రావటం మొదలైంది. 1973లో చమురు ధరలు పెరిగాక అక్కడ కట్టడాలు లేచాయి, ఇక్కడి మేస్త్రీలు, డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు లేచిపోయారు. పాత బస్తీ నుంచి, నిజామాబాద్, కరీంనగర్ నుంచి, కడప నుంచి పోయారు. సౌదీలో 1980ల మొదటికే సినిమా హాళ్లు లేకుండా పోయాయి. మళ్లీ అక్కడ హాలు తెరిచింది 2018 ఏప్రిల్‌లో. అంటే ముప్పై అయిదేళ్లు మా వాళ్లు పనిచేసిన దేశంలో సినిమా చూడాలంటే గదిలో వీసీఆర్ పెట్టుకోవలసిందే. ఒక్క గదిలో పదిమంది పడుకుని, జుమా రాత్రి క్యాసెట్ తెచ్చుకుని చూసేవాళ్లు. వాళ్లు సెలవుకొచ్చేటప్పుడు దుప్పట్లు, టార్చిలైట్లు, టూ ఇన్ వన్‌లతో పాటు ఆ మిషన్‌ని కూడా మోసుకొచ్చారు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది, 1982 ఏషియాడ్‌కి రంగులొచ్చాయి. గల్ఫ్ ఇంట్లో టీవీ, టీవీ కింద వీసీఆర్, రెంటి మీదా అమ్మీ అల్లిన లేసు గుడ్డ. అది కూడా పర్దానే అని నానీ అనేది.

అందరికీ గల్ఫ్ అన్న లేడు గదా. లేనోళ్లు టీవీ, వీసీఆర్, మూడు క్యాసెట్లు ఒక రాత్రికి కిరాయికి తెచ్చుకునేవాళ్లు. వాడకట్టంతా చందా వేసుకునేది. ఇషా నమాజ్ అయ్యాక మొదలై ఫజర్ అజాన్ దాకా నడిచేది. మూడో సినిమాకి పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి నిద్ర. మగోళ్లు వాకిట్లో, ఆడోళ్లు లోపల. సాలోళ్ల వదినెలొచ్చేవాళ్లు, గొల్లోళ్ల అవ్వ వచ్చేది. ఉర్దూ అర్థంగాకపోతే ఖాలా తెలుగులో చెప్పేది. చెప్పేదాంట్లో సగం ఖాలా సొంత కథ. అది సినిమా కన్నా బాగుండేది.

క్యాసెట్‌కి ఒక గుణముంది, ఆపొచ్చు. 'నికాహ్' 1982లో వచ్చింది. మొగుడు మూడు మాటలనేసి ఇంట్లోంచి పొమ్మనే కథ. మా మగోళ్లు దాన్ని హాల్లో చూసొచ్చి పాటలు బాగున్నాయన్నారు. అదే సినిమా ఇంట్లో ఆడోళ్లు చూసినప్పుడు తలాక్ దగ్గర ఆపమన్నారు. ఆపారు. బొమ్మ తెర మీద వణుకుతూ నిలబడింది. ఒకామె అది నిజంగా తలాక్ అవుతుందా అనడిగింది. ఇంకొకామె అవుతుందంది. మూడో ఆమె తన చెల్లెలికెట్లా అయిందో చెప్పింది. గంటసేపు మాట్లాడుకున్నారు. వాకిట్లో మగోళ్లు ఏమైంది, కరెంటు పోయిందా అని కేకేశారు. షాబానో తీర్పు 1985లో వచ్చింది, దాన్ని తిరగేసే చట్టం 1986లో వచ్చింది. దేశమంతా మా ఆడోళ్ల గురించి మాట్లాడింది, మా ఆడోళ్లు తప్ప. మా ఆడోళ్లు వీసీఆర్ ఆపి మాట్లాడుకున్న మాటలు ఏ పత్రికలోనూ రాలేదు.

'బజార్' కూడా ఆ ఏడాదిదే. సాగర్ సర్హదీ హైదరాబాద్ కథగా తీశాడు. గల్ఫ్‌లో సంపాదించి వచ్చిన నడివయసు మగాడికి పేదింటి చిన్న పిల్లని కొనిపెడతారు. పిల్ల చచ్చిపోతుంది. గల్ఫ్ పైసలతో కొన్న వీసీఆర్‌లో ఆ క్యాసెట్ పడ్డ రాత్రి ఎవరూ ఆపమనలేదు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. అట్లా వెళ్లిపోయిన పిల్ల మా గల్లీలోనూ ఉంది. ఆమె తల్లి ఆ గదిలోనే కూచుని ఉంది.

పాకిస్తాన్ నాటకాల సంగతీ చెప్పాలి, దాచటమెందుకు. 'తన్హాయియాఁ', 'ధూప్ కినారే' క్యాసెట్లు చేతులు మారి మారి అరిగిపోయేవి. ఉమర్ షరీఫ్ 'బక్రా ఖిస్తోఁ పె' పాత బస్తీ పెళ్లిళ్లలో నోటికొచ్చిన పాఠం. మాకు అందులో పాకిస్తాన్ ఏమీ కనబడలేదు. అత్తాకోడళ్లు, ఉద్యోగం దొరకని కొడుకు, డాక్టరవ్వాలనుకునే కూతురు కనబడ్డారు. ముస్లింలు మామూలు మనుషులుగా, నవాబులుగా గాక, తాయెత్తు సాయిబులుగా గాక తెర మీద కనబడటానికి మేం సరిహద్దు దాటి క్యాసెట్ తెచ్చుకోవలసి వచ్చింది. దీనికి మమ్మల్ని అనుమానించినోళ్లు తమ తెరల మీద మాకెంత చోటిచ్చారో ఓసారి చూసుకోవాలి.

ఇన్ని చెప్పాక నానీ మాట చెప్పకపోతే తప్పు. అందరూ సంబరపడుతుంటే ఆమె ఒక్కతే గులిగేది. "సినిమా ఇంటికొచ్చింది, నేనింట్లోనే ఉండిపోయిన" అనేది. మేం నవ్వాం. ఇప్పుడు అర్థమవుతోంది. బొమ్మ చూడటానికి బయటికి పోయే ఆ ఒక్క కారణమూ ఆమెకి పోయింది. ఇంట్లో అన్నీ ఉన్నప్పుడు బయటేం పని అని మగోళ్లు అనటానికి వీలు దొరికింది. ఇంకొన్నాళ్లకి జమాత్‌లో తిరిగొచ్చిన మామూ టీవీయే హరామన్నాడు. మా గల్లీలో ఒకాయన తన టీవీని నడివీధిలో పగలగొట్టాడు. ఆ ఇంటి ఆడోళ్లకి హాలూ లేదు, ఇల్లూ లేదు.

1987 జనవరి నుంచి ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామాయణం వచ్చింది. మా వాడకట్టులో టీవీ ఉన్నది మా ఇంట్లోనే. తొమ్మిదింటికల్లా వాకిలి నిండేది. చెప్పులు బయట విడిచి, తలస్నానం చేసి వచ్చేవాళ్లు. ఒకావిడ టీవీకి ఊదుబత్తి ముట్టించేది. మాకది కొత్త కాదు, దర్గాలో మేమూ ముట్టిస్తాం. అమ్మీ అందరికీ చాప పరిచేది. అది ఆమె నమాజ్ చదివే చాప కాదు, ఇంకోటి. రెండేళ్లయ్యాక మహాభారతం వచ్చినప్పుడు దాని మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా అని అబ్బా అందరికీ చెప్పుకున్నాడు. 1990లో 'టిప్పు సుల్తాన్' వచ్చినప్పుడు ప్రతి వారం ముందుగా ఇది కల్పన అని ఒక మాట వేశారు. రామాయణానికి వేయని మాట, చరిత్రలో పుట్టి, శ్రీరంగపట్నంలో చచ్చి, సమాధి ఉన్న మనిషికి వేశారు. ఆ వారం మా వాకిట్లో జనం పలచగా ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అందరిళ్లల్లోకీ టీవీలొచ్చాయి అందుకే, అన్నాడు అబ్బా. అదీ నిజమే కావచ్చు. ఆ ఏడాది డిసెంబరులో హైదరాబాద్ తగలబడింది.

1992లో 'రోజా' వచ్చింది. ఆగస్టులో అరవంలో, తర్వాత తెలుగులో. మేం పదిమంది దోస్తులం కలిసి పోయాం. పాటలకే పోయాం, అందులో ఇద్దరం రెహమాన్ పేరు చూసి పోయాం. కాలుతున్న జెండా మీద హీరో పడి దొర్లుతుంటాడు, నమాజ్ చేసేవాడు నమాజ్ చేస్తూనే ఉంటాడు. తెర మీద ఆ సజ్దా చూస్తుంటే మా నుదురు మీద ఎవరో వేలుపెట్టి చూపిస్తున్నట్టయింది. హాలంతా చప్పట్లు. మేమూ కొట్టాం. ఒప్పుకుంటున్నాం, కొట్టాం. సగం జెండాకి, సగం భయానికి. దీపాలు వెలిగాక ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. అది ఎందుకట్లా అయిందో మాకు అప్పుడు తెలియదు. 1994లో తేజస్విని నిరంజన ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఆ సినిమాని విప్పి చూపించేదాకా మాకు తోచింది మా పిరికితనమనే అనుకున్నాం. 'రోజా' తెలుగు హాళ్లలో ఆడిన ఆ ఏడాదే డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. సినిమా మసీదు కూల్చిందని మేమనటం లేదు. మసీదు కూల్చినప్పుడు చప్పట్లు కొట్టినోళ్లకి సినిమా హాల్లో కొంత అలవాటైంది అంటున్నాం.

అప్పట్నించి హాల్లో మాకు పేరొచ్చింది. విలన్‌కి మా పేరు పెట్టినప్పుడల్లా పక్క సీటువాడు ఎటు చూస్తున్నాడో చూసుకునే జబ్బొచ్చింది. 2002లో, గుజరాత్ కాలిన ఏడాదే, 'ఖడ్గం' వచ్చింది. అందులో అంజాద్ మంచివాడు. మంచివాడని నిరూపించుకోవటానికి అతనికో టెర్రరిస్టు తమ్ముణ్ణి ఇచ్చారు. మంచి ముస్లింని చూసి హాలు కొట్టే చప్పట్లు కూడా చెంపల మీద పడతాయని ఆ రోజు తెలిసింది. 2010 'వేదం'లో పోలీసులు ఓ రహీముద్దీన్‌ని ఎట్లా నలిపారో చూపించారు. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయి కొట్టి, చివరికి నిర్దోషులని వదిలేసిన పిల్లలు మా కళ్ల ముందున్నారు గనుక ఆ సినిమా చూసి ఏడ్చాం. హాల్లోనే ఏడ్చాం, సిగ్గుపడలేదు. ఒక్కటి తీస్తే చాలు, మేం మళ్లీ పోతాం. అంత తేలిగ్గా దొరుకుతాం మేం.

'అంగ్రేజ్' గుర్తుందా? 2000ల నడుమ వచ్చింది. చార్మినార్ దగ్గర కూచుని గప్పాలు కొట్టే ఇస్మాయిల్ భాయి, సలీం ఫేకూ. భాష మా దక్కనీ, నక్కో హౌ భాష. పెద్ద హీరో లేడు, హవేలీ లేదు, బాంబు లేదు. మా మీద మేమే తీసుకున్న నవ్వు. చాలా ఏళ్ల తర్వాత ఇంటిల్లిపాదీ బుర్ఖాలతో సహా హాలుకి పోయాం. అదే సినిమా సీడీల్లో ఇంటింటికీ పోయి ఇంకెక్కువ నవ్వించింది. హాల్లో మా పక్కన కూచున్నోళ్లు మాతో కలిసి నవ్వారు. మమ్మల్ని చూసి నవ్వటానికీ, మాతో నవ్వటానికీ ఎంత తేడా ఉందో చెవికి తెలిసింది. అయితే మా వాళ్లూ తక్కువ తినలేదు. 2004లో ఎం.ఎఫ్. హుసేన్ మన హైదరాబాద్‌లో 'మీనాక్షి' తీస్తే, అందులో ఒక ఖవ్వాలీ మాటలు కురాన్‌లోవని ఉలేమాలు గొడవ చేశారు. చిన్నప్పుడు బొంబాయిలో సినిమా బోర్డులు గీసి పొట్టపోసుకున్న ఆ ముసలాయన తన సినిమాని తానే హాళ్లలోంచి తీసేసుకున్నాడు. ఆయన్ని ఒకవైపు నుంచి మీవాళ్లు, ఇంకోవైపు నుంచి మావాళ్లు తరిమారు.

2016 నవంబరులో సినిమాకి ముందు జనగణమన వేయాలి, అందరూ లేవాలి అని సుప్రీంకోర్టు చెప్పింది. 2018 జనవరిలో అక్కర్లేదంది. ఆ పద్నాలుగు నెలలూ మా పిల్లలకి మేం చెప్పిందొకటే: పాప్‌కార్న్ చేతిలో ఉన్నా కింద పెట్టి అందరికన్నా ముందు లేవండి. పక్కోడు మెల్లగా లేస్తే బద్ధకం. మేం మెల్లగా లేస్తే ఇంకోటి.

2020 మార్చిలో కరోనాకి హాళ్లు మూసేశారు. ఆ నెలలోనే తబ్లీగీల పేరు చెప్పి రోగానికి కూడా టోపీ పెట్టారు. ఇంట్లో కూచుని ఫోన్లో సినిమాలు చూశాం. వాడకట్టు మొత్తానికి ఒక తెర ఉన్న రోజుల నుంచి ఒక్కో మనిషికి ఒక్కో తెర దాకా వచ్చాం. మలయాళం సినిమాల్లో ముస్లింలు చేపలమ్ముతూ, ఫుట్‌బాల్ ఆడుతూ, అప్పులు చేస్తూ కనబడితే పిల్లలు ఫోన్ మాకిచ్చి చూడమన్నారు. చూసి ముచ్చటపడ్డాం. చెవుల్లో వైర్లు పెట్టుకుని ఎవరికి వాళ్లం ముచ్చటపడ్డాం.

2022 మార్చిలో హాళ్లు నిండాయి, 'కశ్మీర్ ఫైల్స్'కి. బొమ్మ అయ్యాక లేచి నిలబడి ముస్లింలని ఏం చేయాలో నినాదాలిచ్చారు. వాళ్లే దాన్ని ఫోన్లలో తీసి అందరికీ పంపారు. ఇంట్లో కూచుని మేం చూసింది ఆ హాలుని. పండితుల బాధ అబద్ధమని మేమనం. వాళ్ల ఇళ్లు పోయాయి, ఇల్లు పోవటమంటే ఏంటో మాకు తెలుసు. మేం చూసింది సీట్ల వరసలని. దీపాలు వెలిగాక కూడా దిగని కోపాన్ని. 2024 మార్చిలో తెలుగులో 'రజాకార్' వచ్చింది. రజాకార్లు చేసిన దుర్మార్గం మా పెద్దలూ చెప్పారు. రజాకార్లని వ్యతిరేకించి రాసినందుకు 1948లో షోయబుల్లా ఖాన్‌ని వాళ్లే చంపారు. ఆ సంవత్సరం సెప్టెంబరు తర్వాత మరాట్వాడాలో, తెలంగాణలో సాయిబుల పల్లెలకేమైందో సుందర్‌లాల్ కమిటీ రాసింది. ఆ రిపోర్టు మీద సినిమా ఎవరూ తీయలేదు. 'రజాకార్'కి పోదామా అని మా అబ్బాయి అడిగాడు, చరిత్ర తెలుసుకోవాలి గదా అని. వాణ్ణి పోవద్దనటానికి మాకు మనసొప్పలేదు, పొమ్మనటానికీ ఒప్పలేదు. ఫోన్లోకి వచ్చాక చూద్దువులే అన్నాం. తర్వాత ఆ మాట గురించి సిగ్గుపడ్డాం. మా తాతలు టికెట్ కొనుక్కుని కూచున్న చోటు అది.

మా ఊళ్లో ఆ రేకుల హాలు ఇప్పుడు లేదు. కొన్నాళ్లు మూతబడి ఉండి ఫంక్షన్ హాలయింది. కిందటేడు మా ఇంట్లో పిల్ల నికాహ్ అక్కడే చేశాం. తెర ఉన్న గోడకి పూలు కట్టి దుల్హాని కూచోబెట్టారు. మిషన్ గది కిటికీలు రెండూ అట్లాగే ఉన్నాయి, వాటి కింద దేగ్‌లు పెట్టారు. వెనకటి ఆపరేటర్ చాచా దావత్‌కొచ్చి తినకుండా ఆ కిటికీల కేసే చూస్తూ నిలబడ్డాడు. ఆడోళ్ల భోజనాలకి అడ్డంగా పర్దా కట్టాలంటే ఎక్కడ కట్టాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పాత జనానా క్లాసు పక్కన గోడకి కొక్కేలు ఇంకా ఉన్నాయి.